మంచోన్ని చేసి సంపకు

ఉస్తాద్ పోయిన సంగతి నాకు నందికొండలో తెలిసింది. అక్కడి ఒక బడిలో నా బొమ్మల పుస్తకం గురించి పిల్లలతో మాట్లాడుతున్నాను. నా పుస్తకంలో నీలమ్మ అనే గొల్లపిల్ల ఉంటుంది. పిడుగు పడ్డ గొంగడి కప్పుకొని గుట్ట మీంచి గుట్ట మీదికి దూకుతుంది, గుట్టలు మింగే రాకాసితో కొట్లాడుతుంది. ముందు వరుసలో ఉన్న ఒక పాప లేచి, "మేడం, నీలమ్మకు అన్ని నేర్పే ముసలాయన మంచోడా, చెడ్డోడా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. మోత్కూర్ నుంచి యాదగిరి. ఉస్తాద్ దగ్గర నాతోపాటు పని నేర్చుకున్నవాడు.

"అక్కా, ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, కప్పు కింద పెట్టిండు, గట్లనే గోడకు ఒరిగిండు."

పాప ఇంకా నిలబడే ఉంది. "ఆయనే పోయిండమ్మా ఇప్పుడు" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుస్తకంలో ముసలాయన చావడు కదా. వాళ్ల టీచరుకు చెప్పి బస్సెక్కాను.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మన అలవాటు. నాకు బతుకుతెరువు నేర్పిన మనిషి గురించి మంచే రాయాలని నాకూ ఉంది. కానీ ఆయన బతికుండగానే నా దగ్గర మాట తీసుకున్నాడు, తనను మంచోణ్ణి చేసి చూపొద్దని. ఆ మాట నిలబెట్టుకోవడం నాకు ఒకసారి పుస్తకంలో కష్టమైంది, ఇప్పుడు ఇక్కడ మళ్లీ కష్టమవుతోంది.

ఉస్తాద్ మోత్కూర్‌లో బోర్డులు రాసే పెయింటర్. కిరాణా కొట్లు, బడి గోడలు, ట్రాక్టర్ల వెనక వైపులు, గుడి మీద మల్లన్న, చర్చి మీద వాక్యం, అన్నీ ఆయన చేతివే. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు, సోమవారం పోయి బోనాల పందిరికి బొమ్మలేసేవాడు. ఎన్నికలొస్తే ఒక పార్టీకి పొద్దున రాసి, ఎదుటి పార్టీకి మధ్యాహ్నం అదే వీధిలో రాసేవాడు. "ఏంది ఉస్తాద్, రెండు దిక్కుల నువ్వేనా?" అని ఎవరైనా అడిగితే, "నేను గోడ దిక్కు" అనేవాడు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. వచ్చినా అంత అందంగా అక్షరం రాసేవాడు ఇంకొకడు లేడు కాబట్టి మింగేవాళ్లు.

నేను ఆయన దగ్గరికి చేరింది డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో. మాది మోత్కూర్ పక్కన ఊరు, గొర్లు కాసే ఇల్లు. చిన్నప్పటి నుంచి బండల మీద బొగ్గుతో బొమ్మలేయడమే నా పని. నాన్న, మా మాటలో బాపు, ఒకరోజు నన్ను బండి మీద ఎక్కించుకొని పోయి ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. "ఈ పిల్ల గోడలు ఖరాబు చేస్తాంది. చేసేదేదో నీ కాడ చెయ్యమను" అన్నాడు.

ఉస్తాద్ నన్ను పైకీ కిందికీ చూసి నిచ్చెన చూపించాడు. ఎక్కాను. భయపడకుండా ఎక్కానని పనిలో పెట్టుకున్నాడు. ఆడపిల్ల నిచ్చెనెక్కడం ఏమిటని బజారులో ఎవరో అంటే, "కింద నిలబడి చూసే మొగోల్లకు మెడనొప్పి వస్తే నన్ను అడగొద్దు" అన్నాడు. ఆ మాటతో బజారు నోరు మూసుకుంది.

ఆయనకు కొన్ని పద్ధతులుండేవి. గోడ ముట్టే ముందు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు, పిల్లకు జ్వరం చూసినట్టు. చెమ్మ ఉంటే ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా ఆ రోజు రంగు ముట్టేవాడు కాదు. చాయ్ సాసర్‌లో పోసుకొని తాగేవాడు. బొమ్మ బాగొస్తే ఏమీ అనడు. బాగా రాకపోతే "మంచిగున్నది" అంటాడు. ఆ "మంచిగున్నది" వినబడిందంటే చెరిపి మళ్లీ వేయాలని నాకు అర్థం కావడానికి చాలా గోడలు పట్టింది.

అబద్ధాలు మాత్రం ధారాళంగా చెప్పేవాడు. రెండు ఊళ్ల పని ఒకే రోజుకు ఒప్పుకొని, ఒక ఊరికి పోయి ఇంకో ఊరివాళ్లకు ఫోన్లో దవాఖానలో ఉన్నానని చెప్పేవాడు, పక్కన నేను రంగు కలుపుతుంటే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయన దగ్గు కూడా కలిపి అతికించేవాడు.

కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా పని చెప్పనలవి కాదు. మోత్కూర్ నల్లగొండ నుంచి విడిపోయి భువనగిరి వైపు పోయింది. బళ్లు, ఆఫీసులు, పాల కేంద్రాలు, అన్ని బోర్డుల మీదా జిల్లా పేరు మార్చాలి. ఉస్తాద్ జీవితమంతా "నల్లగొండ జిల్లా" రాసిన మనిషి. ఒక బడి గోడ మీద సున్నం వేయించి, పాత పేరు చెరిపించి, కొత్తగా, అద్భుతంగా, మళ్లీ "నల్లగొండ జిల్లా" అనే రాశాడు. నీడ కూడా వేశాడు అక్షరాలకు. మేం కిందికి దిగి దూరం నుంచి చూసుకుంటుంటే హెడ్మాస్టర్ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"పిల్ల రాసింది సార్. కొత్త పిల్ల" అన్నాడు ఉస్తాద్, రెప్ప కొట్టకుండా.

హెడ్మాస్టర్ నన్ను చదువుకున్నదానివి కావా, ఏ జిల్లాలో ఉన్నావో తెలియదా అని బడి పిల్లలందరి ముందూ తిట్టాడు. ఆయన పోయాక నేను అడిగాను, "నా పేరు ఎందుకు చెప్పినవ్ ఉస్తాద్?"

"నేనని చెప్తే పని పోతది. నువ్వని చెప్తే తిట్టు పడతది. రెండిట్ల తిట్టే అగ్గువ" అన్నాడు. తర్వాత నిచ్చెన ఎక్కి ఆ గోడంతా ఆయనే చెరిపాడు, నన్ను ముట్టనివ్వలేదు.

నీలమ్మను గీయడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. వీరులందరూ పట్నాల్లో, పెద్ద మేడల మీద ఎగురుతుంటారు. మా భువనగిరి బండ మీద ఎవరూ ఎందుకు ఎగరకూడదు? ఆ బండ మీద పిడుగు పడుతుంది, మేకపిల్లను వెతుక్కుంటూ పోయిన నీలమ్మ గొంగడిలోకి ఆ పిడుగు దిగుతుంది. మొదటి పేజీలు ఉస్తాద్‌కు చూపించాను. నీలమ్మ గాల్లో ఉంది, వెనక గొంగడి పట్టుచీర కొంగులా రెపరెపలాడుతోంది.

"మంచిగున్నది" అన్నాడు. పేజీలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మరుసటి రోజు మా ఇంటికే వచ్చాడు. బాపు గొంగడి అడిగి తీసుకొని నా మీద వేశాడు. దొడ్డి గోడ ఎక్కి దూకమన్నాడు. దూకాను. గొంగడి ఎగరలేదు. నన్ను కప్పుకొని నాతోపాటే దబ్బున కింద పడింది. మళ్లీ దూకమన్నాడు. గొర్లన్నీ తలలెత్తి చూస్తున్నాయి. బాపు నవ్వాపుకోలేక, "గొంగడి ఎగురుతదా ఉస్తాద్, అది వానకు తడిస్తే మనిషంత బరువు" అన్నాడు. వాన వస్తే మావాళ్లు గొంగడిని ఒక మూలకు మడిచి తల మీద టోపీలా పెట్టుకుంటారు, అది నెత్తి నుంచి పిక్కల దాకా మనిషిని మూసేస్తుంది. బాపు నాకు అలా పెట్టి చూపించాడు.

ఉస్తాద్ ఎప్పటిలా ఎడమ కన్ను సగం మూసి చూశాడు. "గిప్పుడు దుంకు."

ఆ దూకుడే నీలమ్మ. రెక్కలు లేవు, రెపరెపలు లేవు. నల్లటి బరువైన ముద్ద ఒకటి ఆకాశం నుంచి రాకాసి నెత్తిన పడుతుంది. పిల్లలకు ఆమెలో నచ్చింది అదే. ఇవాళ పిల్లలు దుప్పట్లు నెత్తికి మడుచుకొని అరుగుల మీంచి దూకుతున్నారని తల్లులు నాకు ఫోన్లు చేసి తిడుతున్నారు. ఆ తిట్లలో సగం ఉస్తాద్‌కు పోవాలి.

పేజీలు పూర్తయ్యాక ఆయనే అన్నాడు, "పట్నంల పిల్లల పుస్తకాలు అచ్చేసే మేడం ఒకామె నాకు ఎరికే. నేను అందిస్త." అందించానన్నాడు. కొన్నాళ్లకు వచ్చి, "పనికిరాదన్నరు బిడ్డా" అన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత మొత్తం మళ్లీ గీశాను. ఈసారి గొర్రెల కాళ్లు, బండల నెర్రెలు, నీలమ్మ పిక్కల మీద ముళ్ల గీతలు, అన్నీ చూసి చూసి గీశాను. మళ్లీ తీసుకుపోయాడు. మళ్లీ "పనికిరాదన్నరు" అన్నాడు. మూడోసారి గీసి, ఆయనకు చెప్పకుండా నేనే పట్నం బస్సెక్కాను.

ఆ మేడం పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఇవి ఇన్నాళ్లు ఎక్కడ దాచావని అడిగింది. రెండుసార్లు మీకు పంపాము కదా మేడం అన్నాను. ఆమెకు నా పేరే తెలియదు. ఉస్తాద్ పేరు తెలుసు, చాలా ఏళ్ల కింద ఏదో బోర్డు రాయించిందట. పేజీలు ఏనాడూ ఆ గడప తొక్కలేదు. "నీలమ్మ చాలా బాగుంది, వేద్దాం. కానీ ఆమె గురువు ఉన్నాడే, నీళ్లచారు. గడ్డం, శాంతం, నీతులు. ఆయనకు కొంచెం ఉప్పూ కారం వేసి తీసుకురా" అంది.

తిరుగు బస్సులో నేను సంతోషపడాలో మండిపడాలో తెలియని స్థితిలో ఉన్నాను. మోత్కూర్‌లో దిగేసరికి మంటే గెలిచింది. ఉస్తాద్ దుకాణం ముందు రంగు కలుపుతున్నాడు.

"పట్నపోల్లు వద్దన్నరని ఎందుకు చెప్పినవ్?"

తలెత్తలేదు. "మొదటి బొమ్మలు సూపెడితే నిజంగనే వద్దందురు. వాల్లకంటె ముందు నేనన్న, గంతే."

"రెండోసారి?"

"రెండోసారియి బాగనే ఉండె."

"మరి?"

చేతిలోని బ్రష్షు ఎత్తి నా ముందు పట్టుకున్నాడు. దాని కొస వణుకుతోంది. ఎప్పటి నుంచో అక్షరాలు ఆయన రాసి, ముఖాలు మాత్రం నాకు వదిలేస్తున్నాడని అప్పుడు తట్టింది. "నువ్వు పోతే బోర్డు మీద కండ్లు ఎవలు పెడుతరు?" అన్నాడు.

"అంటే నీకోసమా? నన్ను ఏడిపించింది నీకోసమా?"

"నీకోసం. నాకోసం. తెల్లరంగుల నల్లరంగు కలిపినంక మల్ల ఏరుమంటే ఎట్ల ఏర్త బిడ్డా?"

 నాకు కోపం మాత్రం చాలా వచ్చింది. ఇంటికి పోయి ఆ కోపమంతా పుస్తకంలోని గురువు మీద పోశాను. గడ్డం తీసేశాను. ఎడమ కన్ను సగం మూశాను. ఆ గురువు నీలమ్మతో, "నీ గొంగడిల పిడుగు అయిపోయింది" అని అబద్ధం చెబుతాడు. నీలమ్మ ఏడుస్తుంది. తర్వాత చేతులతో, కాళ్లతో బండలెక్కడం నేర్చుకుంటుంది. ఆమె బలం ఎక్కడికీ పోలేదని, ముసలివాడు తనను విడిచి పోతుందన్న భయంతో కూడా అబద్ధమాడాడని ఆమెకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. అయితే ఆ బండలెక్కడం రాకపోతే ఆమె రాకాసి ముందు ఒక్క రోజు నిలిచేది కాదు. మేడం ఆ పేజీలు చూసి ఫోన్లోనే సంతోషంతో కేక పెట్టింది.

మొదటి భాగం పుస్తకంగా వచ్చాక మోత్కూర్‌లో ఆయన్ను గుర్తుపట్టనివాడు లేడు. ముసలాయన కన్ను చూడగానే తెలిసిపోయింది. "ఉస్తాద్, పుస్తకంల నువ్వు విలన్‌వా?" అని హోటల్లో అడిగితే, "అది పిల్లల పుస్తకం, నీకు సమజ్ కాదు తియ్యి" అనేవాడు. నాకు భయం వేసింది, నొచ్చుకున్నాడేమోనని. దుకాణానికి పోతే నా పుస్తకం అద్దం పెట్టెలో, ఆయన బ్రష్షుల పక్కన పెట్టి ఉంది. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఏమిటో నాకు తెలుసు. ఆ రోజుతో నా కోపం తీరిపోయింది.

నీలమ్మ కథ భాగాలుగా కొన్నేళ్లు నడిచింది. అసలు చిక్కు చివరి భాగం దగ్గర వచ్చింది. మేడం ఖచ్చితంగా చెప్పింది: గురువు సంగతి తేల్చాలి. నీలమ్మను కాపాడుతూ చచ్చిపోవాలి, లేదంటే రాకాసితో చేతులు కలిపినట్టు బయటపడాలి. పిల్లల పుస్తకంలో మనిషి ఇటో అటో ఉండాలి, లేకపోతే అచ్చు వేయను అంది. ఇన్నేళ్ల నీలమ్మ కథ ముగింపు లేకుండా ఆగిపోయేట్టుంది.

అప్పటికి ఉస్తాద్ మంచాన పడ్డాడు. నా మొహం చూసి విషయం లాగేశాడు.

"సంపుమంటున్నదా?"

"నీలమ్మను కాపాడుకుంట చచ్చిపోవాలెనట. అందరు ఏడుస్తరట."

చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు నిజమైనదే. "సంపితే సంపు గని, మంచోన్ని చేసి సంపకు. చచ్చినోని కండ్లు చారెడంటరు. రేపు నేను పోయినంక ఊరంత నన్ను మంచోన్నే చేస్తది. నీ బొమ్మలల్లనన్న నన్ను నా లెక్క ఉండనియ్యి. మాటియ్యి" అని చెయ్యి చాచాడు. ఆ చేతిలో చెయ్యి వేశాను.

అలాగే గీశాను. రాకాసి ఓడిపోతుంది. నీలమ్మ పోవాల్సిన దారి రెండుగా చీలుతుంది. గురువు ఎడమ దారి చూపించి, "గిటు పో, ఫికర్ లేదు" అంటాడు. నీలమ్మ ఆయన కన్ను చూస్తుంది. నవ్వి, గొంగడి నెత్తికి మడుచుకొని, దూకుతుంది. ఏ దారిలో దూకిందో బొమ్మలో కనబడదు. అంతే, కథ అయిపోయింది.

"ఆయన చెప్పింది నిజమా, అబద్ధమా?" అని మేడం అడిగింది. నాకూ తెలియదన్నాను. పిల్లలకు అర్థం కాదంది. అర్థం కాకపోతే నేను మార్చేస్తాను, ముందు పిల్లలకే చూపించండి అన్నాను. ఒక బడిలో చూపించాం. ఆటల గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. నిజమని సగం మంది, అబద్ధమని సగం మంది, నిజమైనా నీలమ్మ వినదని ఒక పిల్ల, అందరూ గొంతులు చించుకున్నారు. మేడం తలుపు దగ్గర నిలబడి చూసి, "సరే, గెలిచావు" అంది. ఆ రోజు నేను గెలిచిన గెలుపు మామూలుది కాదు. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, మా యాసలో, మా గుట్టల మీద, నా ఉస్తాద్‌ను ఉన్నది ఉన్నట్టు నిలబెట్టి గెలిచాను.

అచ్చయిన పుస్తకం తీసుకుపోయి మంచం మీద పెట్టాను. చివరి పేజీ దాకా చూశాడు. "నేను చెప్పింది నిజమేనా?" అని అడిగాడు. "నీకే తెల్వాలె" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు మంచం ఊగింది.

నేను నందికొండ నుంచి చేరేసరికి ఇల్లంతా జనం. రెండు పార్టీల వాళ్లూ వచ్చారు. పాస్టర్ గారు సమాధి దగ్గర, ఉస్తాద్ ఏనాడూ అసత్యం పలకని మనిషి అని ప్రార్థన చేశారు. యాదగిరి నన్ను చూశాడు, నేను నేల చూశాను. ఉస్తాద్ భార్యను మేం పెద్దమ్మ అంటాం. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకోవడానికని అందరూ అనుకున్నారు.

మట్టి చేసి వచ్చేసరికి బంధువులు భువనగిరిలో ఫ్లెక్సీ చేయించి తెచ్చి ఇంటి ముందు కట్టారు. కంప్యూటర్‌లో ఆయన్ను తెల్లగా చేశారు. రెండు కండ్లూ విప్పార్చారు. చుట్టూ మబ్బులు, పావురాలు, "సత్యవంతుడు, దయామయుడు" అని అచ్చు. నేను చూసి గుర్తుపట్టలేకపోయాను. ప్రేమతోనే చేశారు, వాళ్లను ఒక్క మాట అనలేను. కానీ ఆయన చేతిలో వేసిన నా చెయ్యి మండింది.

ఆ ఫ్లెక్సీ తీసేద్దామా అని పెద్దమ్మను అడిగాను. "దాన్ని ఉండనియ్యి, పైసలు పెట్టిండ్రు పాపం. గోడ ఖాళీగనే ఉన్నది కదా" అంది.

మరుసటి పొద్దున ఆయన దగ్గర పని నేర్చినవాళ్లందరం ఆ ఇంటి ప్రహరీ గోడ దగ్గర చేరాం. అరచెయ్యి ఆనించి చూశాం, చెమ్మ లేదు. యాదగిరి సున్నం వేశాడు, అది ఆరాక ఇంకొకతను రంగు ముంచిన దారం గోడకు కొట్టి గీతలు పెట్టాడు. ముఖం నాకు వదిలేశారు. గడ్డం కింద ముడతలు, పెదవి కొసన ఆ దొంగ నవ్వు, సగం మూసిన ఎడమ కన్ను, ఏదీ వదలకుండా వేశాను. ఒక్క విశేషణం రాయలేదు. కింద "ఉస్తాద్" అని మాత్రం యాదగిరి రాశాడు, నీడ వేసి.

పెద్దమ్మ బయటికి వచ్చింది. గోడకు ఎదురుగా నిలబడింది. నాకు ఒళ్లంతా చెవులయ్యాయి.

"గిదిగో, గిట్లనే సూసేటోడు" అంది, "అబద్ధం చెప్పేముందర." అని పకపకా నవ్వింది. చావింట్లో ఆ నవ్వుకు వీధివాళ్లు తలుపులు తెరిచి చూశారు. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే మమ్మల్ని అన్నానికి లోపలికి పంపింది.

కిటికీలోంచి చూశాను. మేకలు మందగా వీధిలోకి వచ్చాయి, ఒకటి పచ్చి రంగుకు ఒళ్లు రుద్దబోయింది. పెద్దమ్మ చీపురుకట్ట పట్టుకొని గోడకు అడ్డంగా నిలబడి, "హేయ్, దూరం నడువుండ్రి, ఇంకా ఆరలే ఆయన" అని అదిలిస్తోంది.